పన్నెండు రెట్ల దుర్భిణి

డ్రై ఫోర్క్, మోంటానా
ఏప్రిల్ 3, 1978

ఒరే లెస్టర్,

ఈ ఉత్తరంతోపాటు అట్టపెట్టెలో నా తుపాకీ దుర్భిణి వస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా నా దగ్గరున్నదే, ఆరు రెట్లు పెద్దగా చూపించేది. ఈమధ్య అందులో ఏదో మసక కమ్మింది. బిల్లింగ్స్‌లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ అద్దాలు తుడవడం తప్ప నీకు వేరే పనేమీ లేదు కదా, దీన్ని కూడా తుడిచి పంపు.

తొందరెందుకో చెప్తాను. మంచు కరిగింది, నేల ఉడతలు బయటికొచ్చాయి. నలభై ఎకరాల లూసర్న్ గడ్డి చేనును జల్లెడ చేసి పెట్టాయి. నా చేలోంచే తమ చేలకు దాటుతున్నాయని ఇరుగుపొరుగు కౌంటీకి అర్జీ పెట్టారు. జూన్ ఇరవై నాలుగున కౌంటీ మనిషి వచ్చి ఉడతలు తిరుగుతున్న బొరియలు లెక్కపెడతాడట. ఎకరానికి పదికి మించి ఉంటే నన్నడగకుండానే చేనంతా విషం కలిపిన ఓట్స్ గింజలు చల్లిపోతారట. పోయినేడాది మెల్విన్ హాగ్ తన చేలో ఆ గింజలు చల్లితే, అవి తిన్న ఉడతను తిని మీ అక్క వెర్నా కుక్క ఎలా చచ్చిందో నీకు రాశాను. నాలుగు గంటలు కొట్టుకుంది. వెర్నా దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు దాని కూతురు జూనీ ఉంది. అదీ పగలంతా ఉడతల వెంట పరుగెత్తేదే. నా నేల మీద ఒక్క విషపు గింజ పడడానికి వీల్లేదు. వాటి సంఖ్య కాల్చి తగ్గిస్తాను.

మెల్విన్ గాడు ఇరవై నాలుగు రెట్ల దుర్భిణి కొన్నాడు. పొయ్యి గొట్టమంత ఉంది. అంత పెట్టి చూస్తే గానీ ఉడత కనబడనివాడు తుపాకీ మానేసి అల్లికలు నేర్చుకోవడం మేలు.

ఆర్విడ్


బిల్లింగ్స్
ఏప్రిల్ 11

బావా,

నీ దుర్భిణి విప్పి చూశాను. లోపల మసకా లేదు, తేమా లేదు. బయటి అద్దం మీద మాత్రం ఎండిపోయిన కోడిగుడ్డు సొన ఉంది. అదెలా చేరిందో అడగను. తుడిచి పంపుతున్నాను.

మెల్విన్ గురించి నువ్వన్నది నిజమే. అలాంటివాళ్ళు నా బల్ల ముందుకు రోజుకు నలుగురు వస్తారు. ఎన్ని రెట్లు ఎక్కువైతే అంత బాగా కాల్చేస్తామనుకుంటారు. రెట్లు పెరిగితే ఉడతొక్కటే పెరగదు, బావా. నీ చేతి వణుకు పెరుగుతుంది. నీ గుండె కొట్టుకోవడం పెరుగుతుంది. నేల వేడికి ఊగే ఎండమావి పెరుగుతుంది. తగ్గేది వెలుతురూ, చుట్టూ కనబడే మేరా. రెండు వందల గజాల దూరాన నీ ఆరు రెట్లలో పన్నెండు గజాల చేను కనిపిస్తుంది. మెల్విన్‌కి మూడు గజాలు. ఆ మూడు గజాల్లో ఉడతను వెతుక్కునేలోపు అది బొరియలోకి పోయి సంసారం చేసుకుంటుంది. 

అయితే నీ ఆరు కూడా మొండితనమే. మూడు వందల గజాల అవతల, చేను చివర, ఆరు రెట్లలో ఉడత ఆవగింజలా ఉంటుంది. పన్నెండు పెట్టుకో. నన్నడిగితే ఆ చేనుకు పన్నెండే సరి. కావాలంటే నా దగ్గరున్నది అరువిస్తాను.

నీ బావమరిది లెస్టర్


డ్రై ఫోర్క్
ఏప్రిల్ 20

లెస్టర్,

పాఠం చెప్పమని నిన్నెవరడిగారు? మా పెళ్ళినాడు నువ్వు టై కట్టుకోవడం రాక ఏడ్చావు. అలాంటివాడు నాకు గురి నేర్పుతున్నాడు.

పన్నెండు వద్దు. ఇరవై నాలుగు పంపు. మెల్విన్ దానికన్నా మంచిది పంపు. ఎందుకని అడగకు. పెద్దగా కనబడాలి, అంతే. పెద్దగా చూపించడమే కదా నీ వృత్తి.

ఇప్పటికి పదిహేడు పడ్డాయి. వారం రోజుల్లో పదిహేడు. నవ్వకు.

ఆర్విడ్


బిల్లింగ్స్
ఏప్రిల్ 27

బావా,

నవ్వాను. పదిహేడట. నువ్వు ముప్ఫై ఏళ్ళవాడిగా ఉన్నప్పుడు కాఫీ చల్లారేలోపు పదిహేను కొట్టేవాడివి. అందులో పద్నాలుగు అబద్ధాలనుకున్నా ఇంతకన్నా నయం.

అడిగింది పంపుతున్నాను. ఇది ఆరు నుంచి ఇరవై నాలుగు రెట్ల దాకా తిప్పుకునే రకం. మధ్యలో ఉంగరం ఉంది, రెట్లకు అదే. కంటి దగ్గర ఇంకో ఉంగరం ఉంది. అది చూసేవాడి కంటిని బట్టి సర్దుకునేది. దాన్ని నీ కంటికి నేనే సర్ది బిగించాను. నీ కన్ను నాకు తెలుసు. దూరపువి డేగలా చూస్తావు, పేపరు మాత్రం చెయ్యి చాపి పట్టుకుని చదువుతావు. ఆ ఉంగరం జోలికి పోకు.

ఇరవై నాలుగులో చూసి విసుగు పుట్టాక మధ్య ఉంగరాన్ని పన్నెండుకు తిప్పు. నేను చెప్పానని ఎవరికీ చెప్పను.

లెస్టర్


డ్రై ఫోర్క్
మే 14

లెస్టర్,

నీ ఇరవై నాలుగు ఎందుకూ పనికిరాదు. పొద్దున్న ఒక గంట బాగుంటుంది, తర్వాత చేనంతా పాలు పొంగినట్టు ఊగుతుంది. అయినా ఫరవాలేదు, అది నేను చూసుకుంటాను. ముప్ఫై ఆరు రెట్లది వచ్చిందట, పోటీల్లో కాగితపు గుర్తులు కొట్టేవాళ్ళు వాడతారట. అది తెప్పించు. దీన్ని తిరిగి తీసుకో.

ఉత్తరం ఆలస్యమైంది. పికప్పు బానెట్ పాడై రిపేరుకిచ్చాం. వడగళ్ళు పడ్డాయి. బానెట్ మీద పొడుగ్గా చీలింది.

ఈ వారం మాత్రం బాగుంది. మంగళవారం నలభై ఒకటి. నిన్న యాభై మూడు. గింజల కొట్టు దగ్గర కాఫీకి వెళ్ళినప్పుడు లెక్క చెప్తే మెల్విన్ మొహం చూడాలి నువ్వు.

ఆర్విడ్


బిల్లింగ్స్
మే 21

బావా,

వడగళ్ళు పైనుంచి కిందికి పడతాయి. పడ్డచోట సొట్ట పెడతాయి. పొడుగ్గా చీల్చవు. నీ బానెట్‌ను చీల్చిన వడగల్లు డ్రైవరు తలుపు దగ్గర పుట్టి, బానెట్ మీదుగా లూసర్న్ చేను వైపు పోయి ఉంటుంది. అవునా?

తుపాకీని బానెట్ మీద ఆనించి కాల్చావు. పెద్ద అద్దమున్న దుర్భిణి కాబట్టి గొట్టం మీద మూడు వేళ్ళ ఎత్తున కూర్చుంటుంది. పైనున్న అద్దంలో నీకు చేను కనబడింది. కిందున్న గొట్టం ముందు బానెట్ ఉంది. సొంత బండిని వేటాడి వచ్చినవాళ్ళు ఏడాదికి ఇద్దరు నా దగ్గరికి వస్తారు. ఇద్దరూ వడగళ్ళనే అంటారు. వాళ్ళలో నా బావ ఉంటాడనుకోలేదు. పదహారేళ్ళ కుర్రాళ్ళకు నువ్వే చెప్పేవాడివి కదా, గొట్టం ముందేముందో మామూలు కంటితో చూశాకే మీట నొక్కమని?

ముప్ఫై ఆరు పంపను. అది బల్ల మీద కూర్చుని కాగితానికి చిల్లులు పెట్టేవాళ్ళది. నీకది ఇవ్వడం, ఎండమావిని కొనుక్కోమని ఇవ్వడం ఒకటే.

ఇంకొకటి. ఏప్రిల్‌లో వారానికి పదిహేడు. ఇప్పుడు రోజుకు యాభై. దుర్భిణి పనికిరాదంటూనే యాభై కొడుతున్నావు. లెక్క కుదరడం లేదు.

లెస్టర్


డ్రై ఫోర్క్
జూన్ 1

లెస్టర్,

దుర్భిణి తిప్పి పంపుతున్నాను. ముప్ఫై ఆరు పంపుతావా, మన చుట్టరికం తెంచుకుంటావా నీ ఇష్టం. తూర్పు వైపు దాదాపు శుభ్రమైంది. పడమటి కొస మిగిలింది. మూడు వందల యాభై గజాలుంటుంది. గడువు మూడు వారాలే.

నీ ఉత్తరాలు చిన్నక్షరాలతో రాస్తావేం? కాగితం మీద కూడా పిసినారివే.

ఆర్విడ్


బిల్లింగ్స్
జూన్ 8

బావా,

నీ కోసం పెద్దక్షరాలతో రాస్తున్నాను, శ్రద్ధగా చదువు.

దుర్భిణి వచ్చింది. నాకు మాటలక్కర్లేదు, అద్దాలు చూస్తే చాలు. మధ్య ఉంగరం చుట్టూ దుమ్ము పేరుకుని ఉంది. ఆ దుమ్ములో ఒక్కటే తోవ పడి ఉంది, తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య. ఇరవై నాలుగు అంకె మీద దుమ్ము కదలనే లేదు. ఇరవై నాలుగు చాలదు, ముప్ఫై ఆరు కావాలని ప్రాణం తీస్తున్న మనిషి నెలరోజులుగా పన్నెండులో కాలుస్తున్నాడన్నమాట.

సరే, పెద్దమనిషి, ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు అనుకుని మూసేసేవాణ్ణి. కంటి ఉంగరం చూసేదాకా. నీ కంటికని నేను బయటికి తిప్పి బిగించిన ఉంగరాన్ని ఎవరో పూర్తిగా లోపలికి తిప్పి బిగించారు. నా కంటికి పెట్టుకున్నాను. ఏమీ సర్దకుండానే గురి గీతలు నల్లగా, స్పష్టంగా కనబడ్డాయి. నలభై ఏళ్ళుగా అద్దాల పని చేస్తున్నాను. ఎదుటివాడు సర్దిన దుర్భిణి నా కంటికి అతికినట్టు సరిపోవడం ఇంతకుముందెప్పుడూ జరగలేదు.

అది మా ఇంటి కన్ను, బావా. పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదివే కన్ను. మా నాన్నకుంది, నాకుంది, ఇంకొకరికుంది.

ఆడది కోడి మెడ విరచడానికే గానీ తుపాకీకి పనికిరాదని మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఎన్నిసార్లు అన్నావు? ఇప్పుడు మా అక్క బోర్లా పడుకుని ఉడతల్ని కొడుతుంటే, నువ్వు గింజల కొట్టుకు పోయి ఆ లెక్క నీదని చెప్పుకుంటున్నావు. మెల్విన్ కనీసం తన కంటితో గురి తప్పుతున్నాడు.

ఏ దుర్భిణీ పంపను. ముందు నిజం రాయి.

లెస్టర్


డ్రై ఫోర్క్
జూన్ 13

లెస్టర్,

నీ ఉత్తరం భూతద్దం పెట్టి ఒక పూటంతా చదివాను. ఇది రాయడానికి రెండు పూటలు పట్టింది. గీతలు దాటి పోయుంటే సర్దుకుని చదువు.

నేను దేన్ని చూస్తే అది మాయమవుతుంది. దాని చుట్టూ ఉన్నవన్నీ ఉంటాయి. వెర్నా వైపు చూస్తే జుట్టూ రెండు చెవులూ కనిపిస్తాయి, మధ్యలో మొహం ఉండదు, బూడిదరంగు మచ్చ ఉంటుంది. రెండేళ్ళ కిందట కుడికంట్లో మొదలైంది, చలికాలానికి ఎడమదీ పోయింది. ఆపరేషనూ లేదు, మందూ లేదన్నాడు డాక్టరు. అంచులు మిగులుతాయట, గోడలకు గుద్దుకోనట. అదొక వరంలా చెప్పాడు.

ఆరు రెట్లలో ఉడత ఆ మచ్చకన్నా చిన్నది. గురి పెట్టగానే పోతుంది. ఇరవై నాలుగులో మచ్చ అంతే ఉంది, ఉడత పెద్దదైంది. దాని చెవులు ఒక పక్క, తోక ఒక పక్క బయటికొచ్చాయి. ముప్ఫై ఆరైతే ఇంకాస్త వస్తుందనుకున్నాను. ఉడత నా మచ్చకన్నా పెద్దదైతే చాలనుకున్నాను. ఇంత చిన్న సంగతి చెప్పుకోలేక నీతో ఇన్ని మాటలన్నాను. భయమేసింది, లెస్టర్. నేను పనికిరానని తెలిస్తే మొదట నవ్వేది నువ్వేనని కూడా అనుకున్నాను.

బానెట్ సంగతి నువ్వు చెప్పినట్టే. ఆ చప్పుడుకు వెర్నా వంటింట్లోంచి వచ్చింది. చీలికను చూసింది, నన్ను చూసింది. "లే, పక్కకి జరుగు" అంది. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంది. రెండు ఉంగరాలూ అటూ ఇటూ తిప్పి సర్దుకుంది. మొదటి తూటాకే కొట్టింది. "ఎక్కడ నేర్చుకున్నావే?" అన్నాను. "నలభై ఏళ్ళు నీ పక్కన నిలబడి నీ తప్పులు చూశాను కదా" అంది.

లెక్కలు నావని చెప్పింది నేనే. ఆమె ఆపలేదు. ఇప్పుడనిపిస్తోంది, నేనెంత దూరం పోతానో చూడాలనుకుందేమో.

అసలు విషయం ఇది. దుర్భిణిని నీకు పంపింది ఆమెకు చెప్పకుండా. ముప్ఫై ఆరు వచ్చేస్తుంది, మళ్ళీ నేనే కాలుస్తాను అనే పిచ్చి. ఆ రోజు నుంచి పాత ఆరు రెట్లదానితో పడమటి కొస మీద కుస్తీ పడుతోంది. రోజుకు ఆరేడు దాటడం లేదు. నాతో మాట్లాడడం లేదు. ఇంకా పదకొండు రోజులు. జూనీ ఆ కొసలోనే తిరుగుతుంది. నువ్వు నన్నెంత తిట్టినా పడతాను. అది వెంటనే పంపు.

ఆర్విడ్


బిల్లింగ్స్
జూన్ 15

బావా,

నీ ఉత్తరం అందిన గంటకే బస్సులో పెట్టాను. రెట్లు పన్నెండులో ఉన్నాయి. కంటి ఉంగరాన్ని నేను తాకలేదు. పెట్టె మీద పేరు నీది కాదు, వెర్నా నైగార్డ్ అని రాశాను. ఆమె సంతకం పెడితేనే ఇస్తారు, నువ్వు పోయి నిలబడి లాభం లేదు.

నవ్వుతానన్నావు. ఏప్రిల్‌లో చెప్పి ఉంటే నవ్వేవాణ్ణేమో. నన్ను నేనేమీ గొప్పవాణ్ణని అనుకోవడం లేదు. చిన్నప్పుడు నాన్న నన్ను వేటకు తీసుకెళ్తుంటే అక్క గుమ్మంలో నిలబడి "నేనూ వస్తా" అనేది. దీనికి ఆవుకీ గోడకీ తేడా తెలీదు, దీనికెందుకు తుపాకీ అనేవాడు నాన్న. నేను పడీపడీ నవ్వేవాణ్ణి. నావీ అవే కళ్ళు. నాకు తొమ్మిదో ఏట తుపాకీ ఇచ్చారు. నీ కంటికి జబ్బు వచ్చిందని నువ్వు నిజం దాచావు. నేను ఏ జబ్బూ లేకుండానే నవ్వాను.

ఇది అక్కకు చూపించు. నీ పరువు పోయే ముక్కలున్నాయని దాచకు.

లెస్టర్


డ్రై ఫోర్క్
జూన్ 28

తమ్ముడూ,

రాసేది నేను, చెప్పేది మీ బావ. ఆయన చెప్పింది చెప్పినట్టు పెడుతున్నాను.

'లెస్టర్, కౌంటీ మనిషి వచ్చాడు. మెల్విన్, ఇంకో ఇద్దరు పొరుగువాళ్ళు కూడా వచ్చారు. విషం చల్లుతుంటే చూడాలని సరదా. తాడు పట్టి కొలిచి, నాలుగు చోట్ల ఎకరం చొప్పున లెక్కపెట్టారు. ఆరు, ఐదు, ఎనిమిది. పడమటి కొసలో తొమ్మిది. ఇంకో పూట వర్షం పడి కాల్చడం ఆగి ఉంటే పదకొండయ్యేవి. విషపు గింజల బస్తాలు బండిలోంచి దించలేదు.

కౌంటీ మనిషి కాగితం తీశాడు. ఎవరు కాల్చారో పేరు రాయాలట. మెల్విన్ అందుకుని, "ఇంకెవరు, ఆర్విడే. రోజూ కాఫీ దగ్గర మా చెవులు తినేశాడు" అన్నాడు. నేను నోరు మూసుకుంటే చాలు, కాగితం మీద నా పేరే పడేది. నాకు ఆశ కలిగింది, అబద్ధమెందుకు. తర్వాత, "నేను కాదు. నాకు కళ్ళు పోయి చాలా రోజులైంది. నువ్వు మెల్విన్‌వని టోపీ అంచును బట్టి చెప్తున్నా, నీ మొహం నాకు కనబడ్డం లేదు. కాల్చింది వెర్నా" అన్నాను.

మెల్విన్ నవ్వాడు. "అయితే రెండు నెలలు పెళ్ళాం కొట్టిన ఉడతల్ని మాకు చెప్పుకున్నావన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు. అవునన్నాను. కౌంటీ మనిషి వెర్నా దగ్గరికి వెళ్ళి ఆమె పేరు ఎలా రాయాలో అడిగాడు.'

మీ బావ ఇక్కడ ఆపేశాడు. మిగతాది నన్నే రాసుకోమని వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. కాబట్టి ఇకమీదిది నా మాట.

పది ఉత్తరాలు రాసుకున్నారట మీరిద్దరూ. నీవి ఐదూ చదివాను. నా తుపాకీ మీద ఎన్ని రెట్లుండాలో ఒకడు బిల్లింగ్స్‌లో కూర్చుని, ఒకడు నా వంటింట్లో కూర్చుని ఏప్రిల్ నుంచి కొట్టుకుంటున్నారు. కాల్చేదాన్ని నేనని ఇద్దరికీ తెలిశాక కూడా నాకో ముక్క రాద్దామని తోచలేదు. "అక్కకు చూపించు" అని ఆయనకు రాశావు. నాకు పోస్టు రాదా? ఆ పెట్టె మీద నా పేరు చూసి ముచ్చటేసింది, దాచను. లోపల చూస్తే నాకంటూ చీటీ ముక్క కూడా లేదు.

పన్నెండు సరని నువ్వు ఏప్రిల్‌లో చెప్పావట. నాకది మొదటి పొద్దునే తెలిసింది. పొద్దున్న పది గంటలకు నేల వేడెక్కితే తొమ్మిది రెట్లకు దించుతాను. తొమ్మిదిలో ఉడత చిన్నగా ఉన్నా ఊగదు. ఆ తొమ్మిది తోవను దుమ్ములో చూసి కూడా దాని గురించి ఒక్క మాట అడగలేదు నువ్వు. ఎవరి కన్నో కనిపెట్టిన సంతోషంలో ఉన్నావు.

గుమ్మం సంగతి చదివాను. యాభై ఏళ్ళు ఆలస్యమైంది. ఆ కాగితం మాత్రం పారేయను, నా దగ్గరే ఉంటుంది.

మీ బావను ఎక్కువ ఏడిపించకు. మెల్విన్ నవ్వినప్పుడు పక్కనే ఉన్నాను, చూశాను. అంత బాధపడుతూ కూడా మాట వెనక్కి తీసుకోలేదు. నలభై ఏళ్ళలో ఈయన మీద నాకంత ఇష్టం ఎప్పుడూ కలగలేదు. ఆయనకది చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఇక ఈ ఏడాదికి కాల్చడానికేమీ ఉండదు, ఉడతలు బొరియల్లోకి నిద్రకు పోతున్నాయి. వచ్చే వసంతంలో మళ్ళీ మొదలు. నా పక్కన పడుకుని గాలి ఎటు నుంచి వస్తోందో చెప్తానంటున్నాడు. మొన్న చెప్పించి చూశాను. చెంప మీద ఆనగానే చెప్పేస్తాడు, ఎంత జోరో, ఎటు తిరుగుతుందో కూడా. నాకు ఆ పని ఇప్పటికీ సరిగా రాదు. అందుకని సరేనన్నాను.

వెర్నా